నాలుగు పాయింట్ ఆరు గారి పదవీ విరమణ

మెట్టలంక నీటిపారుదల డివిజన్ ఆఫీసులో ఎనిమిదేళ్లుగా ఒకే ఒక్క పని సవ్యంగా జరుగుతూ వచ్చింది. జరుగుతున్నట్టు పైవాళ్లెవరికీ తెలియకపోవడం వల్లే అది అన్నాళ్లు జరిగింది. తెలిసిన రోజున ఆగిపోయింది.

ఆ పని వారబందీ జాబితా. కాలువ నీళ్లు ఏ ఊరికి ఏ రోజు, ఎన్ని గంటలు అన్నది వారానికోసారి తయారుచేసి, డివిజన్ పెద్ద ఈఈ గారి సంతకంతో తూముల దగ్గర అంటిస్తారు. ఎగువ ఊళ్లవాళ్లకి ఆ కాగితం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. కాలువ వాళ్ల గుమ్మం ముందు నుంచే పోతుంది. చివరి ఆయకట్టు వాళ్ల సంగతి అలా కాదు. కాగితం మీద వాళ్ల వంతు పడితేనే లస్కరు ఎగువ తూములు దించి చివరి గేటు ఎత్తుతాడు. పడకపోతే వాళ్ల కాలువలో కప్పలు కూడా కాపురం ఉండవు.

ఈ జాబితాని సీనియర్ అసిస్టెంటు పెచ్చెట్టి తులసీరత్నం ఒకప్పుడు చేత్తో రాసేది. నలభై ఒక్క ఊళ్లు, మూడు రోజుల పని, ప్రతివారం కనీసం రెండు తప్పులు, తప్పుకో తగువు. విసిగిపోయి ఉండగా రాజమండ్రిలో పాత పుస్తకాల బండి మీద అట్టపై ముంగిస బొమ్మ ఉన్న లావుపాటి పుస్తకం ఒకటి కనబడింది. కంప్యూటర్‌కి పని చెప్పే భాష నేర్పే పుస్తకం అది. ఆ భాషకి అసలు పేరేదో ఉంది కాని, బొమ్మను బట్టి ఆఫీసులో అందరూ దాన్ని ముంగిస అనేవాళ్లు. తులసీరత్నం ఆర్నెల్లు దాంతో కుస్తీ పట్టి రెండువందల పన్నెండు వరుసల ప్రోగ్రాం రాసింది. ఆ తర్వాత సోమవారం పొద్దున్న ఒక మీట నొక్కడం, నాలుగు సెకన్లలో జాబితా రావడం, ఆమె టీ తాగడం.

ముంగిసకి అప్పుడప్పుడూ కొత్త వెర్షన్ వచ్చేది. అందులో ఏం మారిందో ఆమె ఇంటి దగ్గర కూరలు తరుక్కుంటూ చదువుకునేది. ఆ చదువంటే ఆమెకి నిజంగానే ఇష్టం. పనికొచ్చేది ఉంటే ప్రోగ్రాం సవరించుకునేది, లేకపోతే ఊరుకునేది. అలా ఎవర్నీ అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా నాలుగు పాయింట్ ఆరు దాకా వచ్చింది. అసలు నేరం అక్కడుంది. అడక్కుండా చేసిన పని ఎంత బాగా జరిగినా, ఫైల్లో లేదు కాబట్టి జరగలేదనే లెక్క.

ఇలా ఉండగా చీఫ్ ఇంజనీరు గారు ఒక చల్లటి ఊళ్లో, చల్లటి హోటల్లో మూడు రోజుల సదస్సుకి వెళ్లొచ్చారు. వస్తూ ఒక జనపనార సంచీ, ఒక స్టీలు నీళ్ల సీసా, ఒక ఆదర్శం తెచ్చుకున్నారు. సంచీ ఇంట్లో ఇచ్చారు. సీసా డ్రైవరుకిచ్చారు. ఆదర్శం శాఖకిచ్చారు.

జూన్ మొదటి వారంలో దిగిన సర్క్యులర్ ఇలా ఉంది: "విషయము: సాంకేతిక భాషల నిరంతర నవీకరణ గురించి. శాఖలోని ఏ కార్యాలయమునందును, ఏ కారణము చేతను, పాత వెర్షన్ విధులలో కొనసాగరాదు. కొత్త వెర్షన్ వెలువడిన తక్షణమే పాత వెర్షన్‌ను నిబంధనల మేరకు విధుల నుండి విముక్తము చేసి, కొత్త వెర్షన్‌కు బాధ్యతలు అప్పగించి, నివేదిక సమర్పించవలెను. అలసత్వము తీవ్రముగా పరిగణించబడును."

ఈఈ ప్రభంజనరావు గారు దాన్ని మూడుసార్లు చదివి సూపరింటెండెంట్ ముకుందం గారిని, తులసీరత్నాన్ని పిలిపించారు. ప్రభంజనరావు గారు చెడ్డవారు కాదు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఒక్క కాగితం కూడా నంబరు లేకుండా పంపలేదు. అంత శుభ్రమైన మనిషి.

"ఏమ్మా, మన దగ్గర నడుస్తున్నది ఎంత?"

"నాలుగు పాయింట్ ఆరండీ. ఏడు మొన్ననే వచ్చింది. నేను చూశాను కూడానండీ. మన ప్రోగ్రాంలో రెండు వరుసలు మార్చాలి, అంతే. పావుగంట పని. ఇప్పుడే చేసేస్తాను."

ముకుందం గారు కళ్లజోడు తీసి, ఆమెకేసి జాలిగా చూశారు.

"పావుగంటా? ఈ ఆఫీసులో ఒకరు వెళ్లి ఒకరు రావడానికి పావుగంట చాలుతుందమ్మా? ఆ సర్క్యులర్ సరిగ్గా చదివావా? విధుల నుండి విముక్తము అన్నాడు. బాధ్యతలు అప్పగించి అన్నాడు. అంటే రిలీవింగ్ ఆర్డరు ఉండాలి. చార్జి లిస్టు ఉండాలి. జాయినింగ్ రిపోర్టు ఉండాలి. ఇవన్నీ లేకుండా మీట నొక్కేస్తే రేపు ఆడిట్ వాళ్లకి నువ్వు సమాధానం చెప్తావా?"

"అది మనిషి కాదు కదండీ."

"మనిషి అయితే నేను ఇంత భయపడను. ఎవరో ఒకరి చేత సంతకం పెట్టించేవాణ్ణి" అన్నారు ముకుందం గారు.

ముకుందం గారికి ఈ లోకంలో బాగా తెలిసిన విద్య ఒకటే, చార్జి అప్పగింత. తొమ్మిది మంది ఈఈలని దింపి పదో ఆయన్ని ఎక్కించారు. ఒకసారి బీరువా తాళంచెవి ఒకటి తక్కువైందని వచ్చిన ఈఈ గారిని పదకొండు రోజులు వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. ఇప్పుడూ ముకుందం గారు ఆ రోజే పని మొదలెట్టారు. నాలుగు పాయింట్ ఆరు దగ్గర ఏమేం ఉన్నాయో ఒక జాబితా వేశారు: కీబోర్డు ఒకటి, మౌసు ఒకటి, మౌసు కింద గుడ్డ ఒకటి, ఇతరములు నిల్.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి సమావేశం హాల్లో వీడ్కోలు సభ జరిగింది. కంప్యూటర్‌ని మధ్య కుర్చీలో పెట్టి, తెరకి బంతిపూల దండ వేసి, వెనక శాలువా కప్పారు. స్వీటు, హాటు, కూల్‌డ్రింకు. ప్రభంజనరావు గారు మైకు పుచ్చుకుని, "శ్రీ నాలుగు పాయింట్ ఆరు గారు మితభాషి. ఏనాడూ సెలవు పెట్టలేదు. ఏనాడూ జీతం పెంచమనలేదు. యూనియన్ ఎన్నికల్లో ఎవరి పక్షమూ వహించలేదు. వారి శేష జీవితం ఆయురారోగ్యాలతో సాగాలని..." అంటూ ఉండగా గొంతు కొంచెం జీరబోయింది కూడా. టైపిస్టు ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఆవిడ ప్రతి వీడ్కోలు సభలోనూ తుడుచుకుంటుంది, అదో అలవాటు.

సభ అయ్యాక రిటైరైన వారిని ఎవరూ ముట్టుకోకుండా కంప్యూటర్‌కి గుడ్డ కట్టి లక్క సీలు వేశారు.

సోమవారం తులసీరత్నం కొత్త వెర్షన్‌ని ఎక్కించబోతే ముకుందం గారు అడ్డుపడ్డారు. "దూరప్రాంతం నుంచి బదిలీ మీద వచ్చేవారికి ఏడు రోజులు జాయినింగ్ టైము ఉంటుంది. అది వారి హక్కు. ఇది ఏకంగా విదేశం నుంచి వస్తోంది. హక్కుని మనం కాలరాస్తామా?"

"మరి ఈ వారం జాబితా అండీ? చేత్తో రాసేస్తాను."

"చేతిరాత జాబితా చెల్లదని నువ్వు ప్రోగ్రాం మొదలెట్టిన ఏడాదే ఈ ఆఫీసులో ఉత్తర్వు వేశాం, మర్చిపోయావా? ఆ ఫైలు పెట్టింది కూడా నువ్వే."

తులసీరత్నానికి కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక ఆ మధ్యాహ్నం టీ మానేసింది.

ఏడు రోజులు గడిచేలోపే పెద్దాఫీసు నుంచి రెండో సర్క్యులర్ వచ్చింది. వెర్షన్ మారితే సరిపోదు, సిబ్బంది కూడా మారాలి. అటెండరు మొదలుకుని ఈఈ దాకా అందరూ ముంగిస వీడియో పాఠాలు చూసి సర్టిఫికెట్లు తెచ్చుకోవాలి. అందరూ అంటే గేట్లు ఎత్తే లస్కర్లు కూడా. చివరి తూము లస్కరు సూరన్నకి యాభై ఏడేళ్లు. సంతకం తప్ప మరేదీ రాయని మనిషి. అతన్ని కాలువ గట్టు మీంచి పట్టుకొచ్చి చెవులకి తీగలు తగిలించి కూర్చోబెట్టారు.

మూడో రోజు తులసీరత్నం పలకరించింది. "ఎలా ఉంది సూరన్నా, ఏవైనా తెలుస్తోందా?"

"బానే ఉందండి. ఆ కుర్రాడు మొదట్లోనే 'నమస్కారం ప్రపంచమా' అని రాయిత్తాడండి. అయిదు పాటాల్నించి రాయిత్తానే ఉన్నాడు. ఆ ప్రపంచం మాత్రం ఒక్కసారీ మాట్టాడదండి."

"తర్వాతేం చెప్పాడు?"

"గంట కొట్టమన్నాడండి. ఎల్లి వరండాలోది కొట్టొచ్చాను."

ఆ రోజు ఆఫీసంతా పదకొండున్నరకే ఎందుకు భోజనానికి లేచిపోయిందో అప్పుడు ఆమెకి అర్థమైంది.

పాఠాలు అయ్యాక తెలిసిందేమిటంటే, అవి నాలుగు పాయింట్ అయిదు నాటివి. అంటే డివిజన్‌లోని నూట పన్నెండు మందీ శ్రద్ధగా కూర్చుని పాత విద్య నేర్చుకున్నారు. పెద్దాఫీసు మండిపడింది. మూడో సర్క్యులర్ వచ్చింది: "పాత వెర్షన్‌కు సంబంధించిన జ్ఞానము సిబ్బంది మనస్సులలో నిల్వ ఉన్నచో కొత్త వెర్షన్‌కు చోటు చాలదు. కావున ప్రతి ఉద్యోగియు పాత వెర్షన్‌ను సంపూర్ణముగా మరచిపోయినట్లు విస్మరణ ధ్రువపత్రము సమర్పించవలెను."

నూట పదకొండు మంది అరగంటలో సంతకాలు పెట్టేశారు. వాళ్లకి మరచిపోవడం పెద్ద కష్టం కాలేదు. ఒక్క తులసీరత్నమే కాగితం పట్టుకుని కూర్చుంది. ఆమెకి ఆ రెండువందల పన్నెండు వరుసలు పిల్లల పుట్టినరోజుల్లా గుర్తున్నాయి. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. వారం తిరక్కుండా ముకుందం గారు మెమో తెచ్చి చేతిలో పెట్టారు. "మీకు నాలుగు పాయింట్ ఆరు ఇంకను జ్ఞాపకమున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. ఎందులకు జ్ఞాపకమున్నదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

"ఏం రాయమంటారండీ?" అని అడిగింది.

"మర్చిపోడానికి ప్రయత్నిస్తున్నానని రాయమ్మా. ప్రయత్నం చూపిస్తే ఎవరూ ఏమీ అనలేరు" అన్నారాయన నిజమైన దయతో.

ముంగిస తయారుచేసేవాళ్లకి అంతకుముందు ఏడాదికో వెర్షన్ తెచ్చే తీరికే ఉండేది. ఆ యేడు వాళ్లకేం పూనిందో, పదిహేను రోజులకొకటి వదలడం మొదలుపెట్టారు. ఏడు గారు జాయినింగ్ టైములో ఉండగానే ఎనిమిది గారు వెలువడ్డారు. బాధ్యతలు స్వీకరించని వారిని విముక్తం చెయ్యడమెలా అని ముకుందం గారు రెండు రోజులు మథనపడి, ఏడు గారికి ఒకే రోజు పొద్దున్న స్వాగత సభ, మధ్యాహ్నం వీడ్కోలు సభ చేయించారు. దండ మాత్రం ఒకటే వాడారు. ఎనిమిది గారి చార్జి లిస్టులో మౌసు కింద గుడ్డ కనబడలేదు. దాని మీద విచారణ జరుగుతుండగా తొమ్మిది గారు వచ్చారు. ఆ గుడ్డ అటెండరు స్కూటర్ తుడుస్తుండగా దొరికేసరికి జులై మూడో వారం దాటింది, పది వచ్చింది.

పదితో అసలు గొడవ మొదలైంది. ఆడిట్ వారు అభ్యంతరం లేవనెత్తారు: "నాలుగు పాయింట్ పది అనగా గణితశాస్త్రము ప్రకారము నాలుగు పాయింట్ ఒకటి మాత్రమే. ఇది నాలుగు పాయింట్ తొమ్మిది కంటె ఎనిమిది స్థాయులు దిగువది. జూనియర్‌కు సీనియర్ చార్జి అప్పగించుట సర్వీసు నిబంధనలకు విరుద్ధము. తొమ్మిది వారు కోర్టుకు వెళ్లినచో బాధ్యులెవరు?"

తులసీరత్నం వెళ్లి అది చుక్క తర్వాత వచ్చే వరుస సంఖ్య అని, తొమ్మిది తర్వాత పదే వస్తుందని, ఇంటి నంబర్లు ఎలాగో అలాగని, తెల్లకాగితం మీద గీసి చూపించింది. ఆడిట్ అధికారి కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇది మీ వ్యక్తిగత అభిప్రాయం. పాయింటు తర్వాత పది ఏమిటో నాకు అయిదో తరగతిలోనే చెప్పారు" అన్నాడు. ఫైలు న్యాయశాఖకి వెళ్లింది. అక్కణ్ణించి గణాంక శాఖకి. తొమ్మిది దిగదు, పది ఎక్కదు; పది వెలువడ్డాక తొమ్మిది చేత పని చేయించడానికి సర్క్యులర్ ఒప్పదు. కంప్యూటర్ లక్క సీలు కింద పెళ్లికూతురిలా గుడ్డ కప్పుకుని కూర్చుంది. జాబితా రాక ఆరు వారాలైంది.

ఎగువ ఊళ్లలో నాట్లు అయిపోయాయి. చేలు పచ్చబడ్డాయి. ఈ సంగతి నెలవారీ నివేదికలో "ఆయకట్టులో పనులు చురుకుగా సాగుతున్నవి" అని పెద్దాఫీసుకి వెళ్లింది.

జులై ఇరవై తొమ్మిదిన, పదకొండు గంటలకి, కడలి మంగతాయారు ఆఫీసుకి వచ్చింది. ఆవిడది చివరి ఆయకట్టులో ఎకరంన్నర చేను. భర్త పోయాక పదేళ్లుగా ఆవిడే చేస్తోంది. ఈ ఆరు వారాల్లో ఆవిడ రావడం ఇది నాలుగోసారి. మొదటిసారి దణ్ణం పెట్టింది. రెండోసారి అర్జీ ఇచ్చింది. మూడోసారి అర్జీకి నంబరు వేయించుకుంది. ఈసారి మాత్రం చేతిలో తడి గోనె ఉంది. తిన్నగా తులసీరత్నం బల్ల దగ్గరికొచ్చి గోనె విప్పి ఒక నారు కట్ట ఫైళ్ల మీద పెట్టింది. నారు వేళ్ల నుంచి బురదనీళ్లు కారి మెమో మీదికి వెళ్లాయి.

"ముప్పై ఒకటో రోజు, తులసమ్మగారూ. చూడండి, పిలక ఎలా గట్టిపడిందో. ఇంకో మూడ్రోజులు దాటితే చేలో నాటు ఊడ్చినా దుబ్బు కట్టదు. నారుమడిని గోతిలో నీళ్లు చెంబుతో తోడి ఇన్నాళ్లు బతికించాను. చేను బురదగా దున్ని దమ్ము చెయ్యాలంటే చెంబుతో అవుద్దా? ఏటైందండీ మీ కంప్యూటరుకి? జబ్బు చేసిందా?"

"జబ్బు చెయ్యలేదు పిన్నిగారూ. రిటైరైంది."

మంగతాయారు కాసేపు ఆమె మొహంలోకి చూసింది. వెక్కిరింపు కాదని తేల్చుకుంది.

"అయితే ఇంకొకళ్లని పెట్టుకోరా?"

"పెట్టుకున్నాం. వాళ్లు జూనియరా సీనియరా అన్నది తేలాలి."

"అమ్మా, నాకు వేరే నారు లేదు. మళ్లీ విత్తనం కట్టుకునే రోజులూ లేవు. ఈ పంట పోతే ఆ చేను కౌలుకి ఇచ్చేసి నేను కూలికెళ్లాలి. పదేళ్లు లాక్కొచ్చిందాన్ని, గేటు ఎత్తేవాళ్లు లేక వదిలేసుకోవాలా?" అంది. ఏడవలేదు. గోనె మడిచి కింద పరుచుకుని, "తేలేదాకా ఇక్కడే ఉంటాను" అని దాని మీద కూర్చుంది.

 ఎనిమిదేళ్లుగా తను పంచిన నీళ్లని తులసీరత్నం ఎప్పుడూ అంకెల్లోనే చూసింది. నలభై ఒకటో ఊరు, పద్ధెనిమిది గంటలు. ఆ పద్ధెనిమిది గంటలు ఇప్పుడు ఆమె బల్ల పక్కన నేల మీద కూర్చుని ఉన్నాయి. సిగ్గేసింది. ఇన్నాళ్లూ తను న్యాయం చెప్పింది, ఒక్కరికీ ఎక్కలేదు. వీళ్లకి న్యాయం చెప్పి లాభం లేదు, నిబంధన చెప్పాలి అనుకుంది. బీరువాలోంచి సర్వీసు నిబంధనల పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చదవడం మొదలెట్టింది.

మధ్యాహ్నం మూడింటికి నూట నలభై నాలుగో పేజీలో ఆగింది. కాగితం తీసుకుని, జీవితంలో మొదటిసారి ముకుందం గారి భాషలో నోటు రాసింది.

"సమర్పించడమైనది. శ్రీ నాలుగు పాయింట్ ఆరు వారు పదవీ విరమణ చేసియున్నారు. విరమణ చేసిన అనుభవజ్ఞులను ప్రజాప్రయోజనార్థము కన్సల్టెంటుగా తిరిగి నియమించుకొను అధికారము ఈఈ వారికి కలదు. కన్సల్టెంటుకు జాయినింగ్ టైము లేదు. చార్జి అప్పగింత లేదు. సీనియారిటీ వర్తించదు. ఈ డివిజనుకు ఒక కన్సల్టెంటు పోస్టు మంజూరై ఖాళీగా ఉన్నది. ఆమోదము కొరకు."

ముకుందం గారు నోటు చదివారు. ఇంకోసారి చదివారు.

"ఇందులో తప్పు లేదమ్మా" అన్నారు మెల్లగా. "ముప్పయ్యేళ్లలో ఇంత శుభ్రమైన నోటు చూడలేదు. కాని..." అని ఈఈ గారి గది తలుపుకేసి చూసి గొంతు తగ్గించారు. "ఆ పోస్టు ఖాళీగా ఎందుకుందో తెలుసా? సారు ఎల్లుండి రిటైరవుతున్నారు. రెండేళ్ల నుంచి ఎవరికీ ఇవ్వకుండా తన కోసమే అట్టేపెట్టుకున్నారు. గదికి కొత్త కర్టెన్లు కూడా కుట్టించారు."

"అలాగా" అంది తులసీరత్నం. ఫైలు పట్టుకుని, మంగతాయారుని వెంట తీసుకుని లోపలికి వెళ్లింది. నారు కట్ట కూడా పట్టుకెళ్లింది. ముకుందం గారు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు.

ప్రభంజనరావు గారు నోటు చదువుతుండగా ఆయన మొహంలో ఒక్కో రంగు మారింది. కళ్లజోడు తుడుచుకున్నారు. నిబంధనల పుస్తకం తెప్పించుకుని నూట నలభై నాలుగో పేజీ చూశారు. అక్కడ అలాగే ఉంది.

"ఈ ఆమోదం ఇప్పుడే కావాలా? వచ్చే నెల చూస్తే?"

"వచ్చే నెలకి నారు ఉండదండీ" అంది మంగతాయారు.

"తిరస్కరించే అధికారం కూడా నాకుంది కదా ముకుందం?"

"సంపూర్ణంగా ఉందండీ. కాకపోతే తిరస్కరిస్తే కారణం ఫైలు మీద స్వహస్తాలతో రాయాలి."

ప్రభంజనరావు గారు కలం మూత తీశారు. "తిరస్కరించడమైనది. ఏలయనగా" అని రాసి ఆగారు. కొట్టేశారు. మళ్లీ "ఏలయనగా" అని రాసి కిటికీలోంచి బయటికి చూశారు. ఆ తర్వాత రాయదగిన మాట ముప్పై నాలుగేళ్ల భాషలో ఒక్కటీ దొరకలేదు. ఉన్న కారణం ఒక్కటే, అది కర్టెన్ల కారణం. దాన్ని ఏ నంబరు వేసి పంపగలరు? గదిలో ఫ్యాను తిరుగుతోంది. బల్ల మీద నారు కట్ట నుంచి ఒక్కో బొట్టు కింద పడుతోంది.

"ఎన్నో రోజన్నావమ్మా?" అని అడిగారు.

"ముప్పై ఒకటోదండి."

ఆయన రెండో "ఏలయనగా" కూడా కొట్టేశారు. దాని కింద "ఆమోదించడమైనది" అని రాసి సంతకం పెట్టారు. తేదీ కూడా వేశారు. తర్వాత కలం మూత పెట్టడానికి చాలాసేపు పట్టింది.

లక్క సీలు పగలగొట్టారు. కన్సల్టెంటు నాలుగు పాయింట్ ఆరు గారు నాలుగు సెకన్లలో జాబితా ఇచ్చారు. నలభై ఒకటో ఊరు, రేపు తెల్లవారింది మొదలు, పద్ధెనిమిది గంటలు. సూరన్న ఆ కాగితం జేబులో పెట్టుకుని, ఒక చెయ్యి జేబు మీద వేసుకుని, ఒంటి చేత్తో సైకిలు తొక్కుకుంటూ వెళ్లాడు.

ముప్పయ్యో తారీఖున చివరి గేటు లేచింది. ముప్పై ఒకటిన దమ్ము పట్టారు. అదే రోజు సాయంత్రం ప్రభంజనరావు గారికి వీడ్కోలు సభ జరిగింది. సభ అయ్యాక అలవాటుకొద్దీ కన్సల్టెంటు గది దాకా నడిచి వెళ్లారు. లోపల కొత్త కర్టెన్లు, ఫ్యాను, బల్ల మీద నాలుగు పాయింట్ ఆరు గారు. తలుపు మీద పేరుబోర్డు కూడా పెట్టేశారు. ఆయన కాసేపు నిలబడి, లోపల లైటు ఆర్పేసి ఇంటికి వెళ్లారు.

మర్నాడు ఆదివారం. నాట్లకి రమ్మని మంగతాయారు కబురు పెడితే తులసీరత్నం చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని గట్టు మీద నిలబడి ఉంది. నారు కొంత పోయింది. గట్టిపడ్డ కట్టలు పక్కన పారేశారు. అయినా ఎకరం పైచిలుకుకి సరిపోతుందన్నారు. చేలో నీళ్లు మెరుస్తున్నాయి, ఎనిమిది మంది ఆడవాళ్లు వంగి ఊడుస్తున్నారు. ఆ నీళ్లు చూస్తుంటే ఆమెకి ఒళ్లంతా తేలికైంది.

అప్పుడు గట్టు మీద బూట్లతో, ఇస్త్రీ చొక్కాతో, తడబడుతూ ఎవరో వస్తూ కనిపించారు. ప్రభంజనరావు గారు. ముప్పై నాలుగేళ్లలో మొదటిసారి ఆయనకి మర్నాడు సోమవారమైనా వెళ్లడానికి ఆఫీసు లేదు.

"ఊరికే... చివరి ఆయకట్టు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు" అన్నారు, ఎవరూ అడక్కుండానే.

ఆయన్ని తులసీరత్నం వాళ్లింటి మనిషి అనుకుందో, గుర్తుపట్టే అందో గాని, మంగతాయారు నడుం ఎత్తి చేలోంచి కేకేసింది. "బాబూ, ఊరికే నిలబడకపోతే ఆ కట్టలు ఇలా విసరకూడదా! ఇక్కడ నారు అయిపోయింది!"

ప్రభంజనరావు గారు కంగారుగా తులసీరత్నం వైపు తిరిగారు.

"దీనికి... ఏమైనా పద్ధతి ఉంటుందామ్మా?"

"ఏం లేదండీ. విసిరెయ్యడమే."

ఆయన బూట్లు విప్పారు. కాసేపు ఆ బూట్లు ఎవరికి అప్పగించాలా అని చూసి, గట్టు మీద పెట్టేశారు. కట్ట తీసి విసిరారు. అది సగం దూరంలో బురదలో పడింది. ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆయన కూడా నవ్వి, ప్యాంటు పైకి మడుచుకుని, రెండో కట్ట తీసుకున్నారు.